కిటికీ వైద్యం

ఒరే తమ్ముడూ,

ఇవాళ నీ ఆబ్దికం. చదవవని తెలిసే రాస్తున్నాను.

నీ వైద్యశాలకు బెజవాడ నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. నా మనవడి ఈడువాడు, చొక్కా నలగదు. నువ్వు అందరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టేవాడివి. ఇప్పుడు తోటల్లో కూలివాళ్లు కిటికీ బయట నిలబడి రోగం చెప్పుకోవాలి. స్వరాజ్యం వచ్చింది గానీ ఆ కిటికీ దాకా రాలేదు.

పోయిన వారం ఆగిరిపల్లి తోటలో కాయలేరే సుబ్బులు, ఆయాసపడుతున్న పెద్దకూతురిని తీసుకొచ్చింది.

"గొట్టం పెట్టి రొమ్ము వినవయ్యా" అన్నాను.

"అదే గొట్టం మళ్లీ మీకూ పెట్టాలి కదండీ" అన్నాడు, నా మీద గౌరవంతోనే.

"నాకు పెట్టకు. నా గుండెలో మాటలు వింటే నీకే జబ్బు చేస్తుంది."

నవ్వేసి, సుబ్బులు సీసాలో ఎర్రమందు పోశాడు. మూడోనాటికి పిల్ల పోయింది.

ఇవాళ సుబ్బులు చిన్నకూతుర్ని చంకనేసుకుని, అదే సీసాతో వచ్చింది. నన్ను తిట్టినా బాగుండేది.

"ఇంకా సగం ఉందండీ అమ్మగారూ. చిన్నదానికీ ఆయాసం మొదలైంది. ఇదే పట్టెయ్యనా?"

మందు పారబోయించి, సీసా తీసుకున్నాను. ఆ పిల్లను ఎత్తుకుని డాక్టరు గడపెక్కాను.

"మీరు లోపలికి రండి. పిల్లను మాత్రం కిటికీ దగ్గర ఉంచండి" అన్నాడు.

ఇక్కడ ఇంకో డాక్టరు లేడు. బెజవాడ దాకా పిల్ల ఆగదు. గడప దిగి, కిటికీ బయట నిలబడి, ఖాళీ సీసా పట్టుకున్న చెయ్యి లోపలికి చాచాను.

మీ అక్క