నలభై మూడు తప్పుల పుస్తకం తిప్పి పంపిన విషయమై

శ్రీ ఉమాకాంత్ గారికి,
ఇంటర్న్‌షిప్ ఫిర్యాదుల విచారణాధికారి,
సూరత్.

అయ్యా,

విషయం: డిప్లొమా మూడవ సంవత్సరం విద్యార్థిని కుమారి హారతి ఇంటర్న్‌షిప్ నివేదికను కళాశాలవారు తిరస్కరించుట, పునఃపరిశీలన కోరుట.

నవాగామ్ వాస్తవ్యురాలను, డెబ్బై మూడేళ్ల వయసు గల కమలాదేవి అను నేను విన్నవించునది ఏమనగా, ఇదే విషయమై అర్జీ గుజరాతీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పంపాను. రెండూ చేరినట్టు రసీదులున్నాయి. జవాబులు లేవు. తమరిది కరీంనగర్ అని తమ కార్యాలయపు బంట్రోతు చెప్పినందున మూడవసారి తెలుగులో రాస్తున్నాను. నాకు వచ్చిన భాషలు ఇంతటితో అయిపోయాయి.

1. నేను వరంగల్‌లో బీఎస్సీ చదివి, ఇక్కడి అద్దకపు మిల్లు ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్లు రంగులు సరిచూసే ఉద్యోగం చేశాను. రిటైరైన తర్వాత, ఉత్తరం వైపు కిటికీ ఉన్న నా ఇంటి గదిలో చిన్న మిల్లులకు అదే పని చేసిపెడుతున్నాను. ఎవరి మీదా ఆధారపడి లేను. ఈ వాక్యం అర్జీకి అవసరం లేదు, అయినా ఉండనివ్వగలరు.

2. హారతి మరమగ్గాల కార్మికురాలు లింగవ్వ కూతురు. కళాశాల నియమం ప్రకారం ఆరు వారాలు నా వద్ద పని నేర్చుకుంది. నా గదిలో ఒక పద్ధతి ఉంది. రంగు కలిపి, గుడ్డముక్కకు పట్టించి, మిల్లువారు పంపిన నమూనాతో పగటి వెలుగులో పోల్చాలి. కుదరని ముక్కను పారేయరాదు. పుస్తకంలో అంటించి పక్కన కారణం రాయాలి. దానిని తప్పుల పుస్తకం అంటాము. నావి పదకొండు సంపుటాలున్నాయి.

3. హారతి ఆ పుస్తకాన్నే నివేదికగా సమర్పించింది. అందులో తప్పులు నలభై మూడు. కళాశాల సమన్వయకర్త గారు వాటిని ఎర్ర సిరాతో లెక్కబెట్టి, "పనితీరు అసంతృప్తికరం" అని రాసి తిప్పి పంపారు. మొదటి వారంలో ఇరవై రెండు, ఆరవ వారంలో ఒకటి అన్న సంగతి వారి దృష్టికి రాలేదు.

4. నేను స్వయంగా వెళ్లి కలిశాను. మూడంతస్తులు, లిఫ్టు పనిచేయదు. వారు మర్యాదగానే మాట్లాడారు. తప్పుల్లేని కొత్త పుస్తకం రాయించి తెమ్మన్నారు. ధ్రువపత్రంలో నేను "ఇంకా నేర్చుకోవలసినది ఉంది, నేర్చుకోగలదు" అని రాసినచోట "అత్యుత్తమం" అని మార్చమన్నారు. మిగతా పిల్లల నివేదికలు నమూనాగా చూపించారు. అన్నింటా అవే వాక్యాలు. ఒకదానిలో నిరుటి విద్యార్థి పేరు కూడా మార్చలేదు. అందరూ అత్యుత్తములే.

5. ఇదే కళాశాలలో ఉద్యోగ సన్నద్ధతపై జరిగిన సెమినార్‌కు నన్నూ పిలిచారు. వక్త గంటన్నర ఆత్మవిశ్వాసం గురించి చెప్పారు. ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే తెలియదని చెప్పవచ్చునా అని హారతి లేచి అడిగింది. ప్రశ్నలు చివరలో అన్నారు. చివరలో శాలువాలు కప్పారు. నాకూ ఒకటి. సెమినార్లు వద్దని నేననను. నేను చదివే రోజుల్లో మా కళాశాలకు ఒక మిల్లు ఉద్యోగి నాలుగు గుడ్డముక్కలు పట్టుకొచ్చి, తన చేతుల్లో పాడైన బట్ట గురించి గంటసేపు చెప్పారు. ఆ గంటే నన్ను ఈ ఊరికి తెచ్చింది.

6. ఈ నెల ఇరవై నాలుగున ఒక మిల్లు ప్రయోగశాలవారు ఉద్యోగాలకు ఎంపిక చేయడానికి కళాశాలకు వస్తున్నారు. ఇంటర్న్‌షిప్‌లో ఉత్తీర్ణులు కానివారిని లోపలికి రానివ్వరు. నిన్న లింగవ్వ షిఫ్టు దిగి, తలలో నూలు పొట్టుతో నేరుగా మా ఇంటికి వచ్చింది, వెనక హారతి. "అమ్మా, ఒక్క మాట మంచిగ రాస్తే నీ సొమ్మేం పోతది? ఏడాది దాక పిల్లను ఇంట్ల ఉంచుతనా? నాతోటి మగ్గాల కాడికే తోల్కపోత" అంది.

దాచను. నేను కలం తీశాను. కొత్త ధ్రువపత్రం ఫారం మీద "అత్యు" వరకు రాశాను. హారతి నా చేతిలోంచి కలం తీసుకుంది. "వద్దు మేడం. రేపు ఆళ్లు కిటికి కాడ నిలవెట్టి రంగు జూడుమంటే, గీ కాయితం జూస్తదా?" అంది. "ఆరు వారాలకే నీ లెక్కనే తయారైంది" అని లింగవ్వ నాతో గొణిగింది. అది మెచ్చుకోలు కాదు.

కావున తమరు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి వరుసగా చదివి, ఇరవై నాలుగులోగా తగిన ఉత్తర్వు ఇప్పించవలెనని మనవి. దయతలచి మార్కులు వేయమనడం లేదు. చూడమంటున్నాను. గుమాస్తా గారికి అప్పగించక తమరే స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(ఆచారం కొద్దీ),
కమలాదేవి

జతపరచినవి: తప్పుల పుస్తకం, సగంలో ఆగిన ఫారం.

తా.క.: ఆరవ వారపు తప్పు చివరి పుటలో ఉంది. రెండు ఆకుపచ్చ ముక్కలు. తమ గది ట్యూబులైటు కింద ఒకటిగానే కనిపిస్తాయి. కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి చూడండి. ఆ రోజు వాన. ట్యూబులైటు కింద చూసి సరిపోయిందన్నది నేను. తెరిపి ఇచ్చాక కిటికీ దగ్గర చూసి కాదన్నది హారతి. నన్నేమీ అనకుండా తప్పును తన పేరున రాసుకుంది. నేను చూసి ఊరుకున్నాను. నా కళ్లు తగ్గాయని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. ఈ ఉదయం ఆ పుటలో ఆమె పేరు కొట్టివేసి నాది రాశాను. నలభై రెండు అని చదువుకోగలరు.