బావా, నువ్వెత్తిన రాయి

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని గుడి ముందున్న ఇళవట్టరాయిని నిన్న జేసీబీ ఒక్క ఊపులో ఎత్తేసింది. తాతల కాలంలో ఆ రాయిని భుజానికెత్తినవాడికే పిల్లనిచ్చేవాళ్లు. నేను పక్కనుంచి వెక్కిరిస్తున్నా, నువ్వూ దాన్ని ఎత్తాకే అక్కను కట్టుకున్నావు.

"తంబీ, రాయెత్తినావు గదా, నీ బండికి పిల్లనెవురిచ్చేది?" అని డ్రైవరును అడిగాను. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు.

"గుంతలో ఏసేస్తారంట రా. ఎగతాళి చాలించి, మనింటి ముందర దించమని చెప్పు."

బతిమాలి దింపించాను. పొద్దున కాఫీ తీసుకుని దానిమీద కూర్చున్నాను.

"లెయ్ రా, అది మీ బావది!"

నిలబడే తాగాను బావా.