నీలం సిరాలో నా పేరు

తనకల్లు,
12-6-2003

చిరంజీవి తమ్ముడు విష్ణువర్ధన్‌కు,

నీ షడ్డకుడు ఎర్రన్న ఆశీర్వదించి రాయడం ఏమంటే, ఇక్కడ వాన జాడ లేదు, మిగతా అందరం క్షేమం. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్ ఎత్తితే నీ పక్కన రేఖ, నా పక్కన పుష్పావతి. అక్కాచెల్లెళ్ళు వింటుంటే మగవాడు తన బాధ ఎలా చెప్పుకుంటాడు?

మొన్న గుమ్మఘట్టలో మన మామ శ్రీరంగప్ప ఇంటికి పోయాను. భోజనాల దగ్గర పదిమంది ముందు ఆయన అన్న మాట విను. "మా చిన్నల్లుడు బెంగళూరులో కుర్చీలో కూసోని ఒక మీట నొక్కితే సాలు, పని దానంతట అదే అయిపోతాది. పెద్దాయన ఇంకా ఎద్దుల ఎనకాల్నే తిరుగుతాండాడు." సంగటి ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచాను. కడుపు మండిపోయింది. పని దానంతట అదే అయిపోతే మరి నువ్వు ఆఫీసుకు పోయి ఏం చేస్తావు? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

ఇంకో సంగతి. మామ వచ్చే నెల కొత్త బోరు వేయిస్తున్నాడు. బోరు బండి ముందు టెంకాయ ఎవరు కొడితే అది వాళ్ళ చేతి బోరని ఎప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇంట్లో పెద్దల్లుడు కొట్టడం ఆనవాయితీ. నీకు తెలియదని కాదు, గుర్తు చేస్తున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే ఎర్రన్న

తా.క.: నాకు నీమీద ఈర్ష్య లేదు. ఉందని మీ వదిన పుష్పావతి మీ రేఖతో చెబుతుంది. నమ్మొద్దు.

బెంగళూరు,
20-6-2003

పూజ్యులైన ఎర్రన్నకు,

విష్ణు నమస్కరించి రాస్తున్నాను. వదిన రేఖకు చెప్పాల్సింది అప్పుడే చెప్పేసింది.

నా పని రెండు రకాలన్నా. మా కంప్యూటరు ప్రోగ్రాములో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా, ముక్కలన్నీ కలిపి, పరీక్షించి, సిద్ధం చేయడానికి ఇదివరకు నలుగురు ఒక రోజంతా కూర్చునేవాళ్ళు. ఇప్పుడు మార్పు పడగానే ఆ పనంతా దానంతట అదే జరిగేలా చేశాను. నీ బోరు మోటారుకు ఆటో స్టార్టరు ఉంది కదా. కరెంటు వస్తే నువ్వు లేకున్నా మోటారు తిరుగుతుంది. అలాంటిదే.

రెండోది కాషింగ్. జనం కంప్యూటరును అడిగిందే అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ పెద్ద గోదాములో వెతక్కుండా, జవాబు ముందే తీసి దగ్గర పెట్టుకుంటాం. వదిన అటక మీది జాడీ ప్రతిపూటా దించకుండా, కొంచెం ఊరగాయ చిన్న సీసాలో పెట్టుకుంటుంది చూడు, అట్లా. చిక్కంతా ఒక్కటే. అసలుది మారిన రోజు దగ్గర పెట్టుకున్న పాత జవాబు పారేయాలి. లేకపోతే తప్పు జవాబిస్తాం. ఉగాదికి ఇదంతా మామకు చెబితే, రెండు ప్రశ్నలడిగి, క్యాలెండరు వెనక రాసుకున్నాడు కూడా.

టెంకాయ సంగతి. పాత బోర్లు మూడింటికీ కొట్టింది నువ్వే. మూడూ ఎండిపోయాయి. నేను ఏమీ అనడం లేదు. కానీ మామ నాతో ఎప్పుడూ అనే మాట ఏమిటో తెలుసా? "పెద్దల్లుడు భూమి మనిషప్పా, నువ్వు అద్దం ముందర కూసోని కండ్లు పోగొట్టుకుంటాండావు." ఈ మాట విన్న ప్రతిసారీ నాకూ మండుతుంది. నేనూ ఆ ఇంటి అల్లుడినే అని ఊరికి తెలియాలి. అందుకే ఈసారి నేనే అడిగాను. "నువ్వే కొట్టాల" అని మామ నాకు ఉత్తరం రాశాడు.

ఇట్లు,
విష్ణు

తా.క.: మూడు రోజులు సెలవు పెట్టాను. పంచె కట్టడం రేఖ నేర్పుతోంది.

తనకల్లు,
29-6-2003

తమ్ముడికి,

ఆశీర్వాదాలు ఈసారికి సగమే.

బోర్లు ఎండిపోతే నా చేతి తప్పా? నేను కొట్టినప్పుడు మూడింట్లోనూ నీళ్ళు పడ్డాయి. తర్వాత వానలు లేవు, భూమిలో నీళ్ళు లేవు. అయినా గుమ్మఘట్టలో బస్సు దిగితే జనం నా మొహం చూడరు, చేయి చూస్తారు. అందుకే ఈ ఒక్కటి నేనే కొట్టాలి. నీకు పేరు కావాలి, నాకు పోయిన పేరు తిరిగి రావాలి. ఉత్తరం నీకొక్కడికే రాశాడా? నాకూ రాశాడు. నా పేరు మాత్రం ప్రత్యేకంగా నీలం సిరాతో రాశాడు. ప్రేమంటే అదీ.

ఇక నీ కాషింగ్ నా కొంప ముంచింది. నువ్వొక్కడివే తెలివైనవాడివా అని నేనూ మొదలుపెట్టాను. లైన్‌మన్ నాకు తెలిసినవాడని రోజూ పొద్దున్నే పాతికమంది ఒకటే అడుగుతారు, మోటార్లు తిరిగే త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తాది అని. ఒక పలక మీద "పది గంటలకు" అని రాసి అరుగు మీద వేలాడదీసి హాయిగా పడుకున్నాను. శుక్రవారం కరెంటు వేళ మారింది. పలక మారలేదు. మా పక్క చేను మారెప్ప పదింటికి చేనుకు పోయి సాయంత్రం దాకా కూర్చున్నాడట. కరెంటు తెల్లారకముందే వచ్చి పోయింది. అతను నేరుగా మా ఇంటికొచ్చి, నా భుజం మీది కొత్త టవలు తీసుకొని ఆ పలక తుడిచాడు. పాతది పారేయాలని నువ్వు రాసిన చోట ఊరగాయ నూనె పడి కనిపించలేదు. తప్పు నీదే.

ఇట్లు,
ఎర్రన్న

తా.క.: టెంకాయ కొనేశాను. చెవి దగ్గర ఊపి చూశాను, నీళ్ళు బాగా ఉన్నాయి.

బెంగళూరు,
7-7-2003

అన్నకు,

నమస్కారాలు కూడా సగమే.

నీలం సిరా నీకొక్కడికేనా? నా పేరూ నీలమే. పైగా కింద గీత కూడా గీశాడు. "ఈ ఇంట్లో నీకు సాటి వచ్చే అల్లుడు లేడు. టెంకాయ నీ చేత్తోనే కొట్టాల" అని రాసిన మనిషి మాట తప్పడు. బోరు వేసే రోజు, పద్దెనిమిదో తేదీ పొద్దున రాయదుర్గం బస్సు దిగుతాను. మన ఇద్దరిలో ఎవరో మామే చెప్పనీ.

ఇట్లు,
విష్ణు

తా.క.: పంచె నిలబడుతోంది. నడిస్తేనే సమస్య.

గుమ్మఘట్ట,
19-7-2003

తమ్ముడు విష్ణువర్ధన్‌కు,

నిండు ఆశీర్వాదాలు.

నిన్న నువ్వు రాలేదు. దానంతట అదే జరిగే నీ పని దానంతట అదే ఆగిపోయిందని, రెండు రోజులు ఆఫీసు వదల్లేదని రేఖ ఫోన్ చేసింది. విన్నప్పుడు నాకు ఎంత చల్లగా ఉండిందో దాచుకోను. ఆ చల్లదనం గంట కూడా నిలవలేదు.

టెంకాయకు పసుపు పూద్దామని మామ గూట్లో వెతికితే ఒక కాగితాల కట్ట దొరికింది. "ఈ ఇంట్లో నీకు సాటి వచ్చే అల్లుడు లేడు" అని మొదలయ్యే ఉత్తరం, రాయదుర్గంలో తీయించిన జిరాక్సులు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పక్కనే నీలం పెన్ను. మామను నిలదీశాను. ఆయన నవ్వలేదు కూడా. "చిన్నల్లుడు నేర్పిన ఇద్దె కదప్పా ఇది. మీరిద్దరూ నెలకు నాలుగుతూర్లు అదే అడుగుతారు. అడిగినప్పుడల్లా కొత్తగా రాసేకి నాకేమైనా పనిలేదా?" అన్నాడు.

మరి ఇద్దరిలో ఎవరు కొట్టేది అన్నాను. "ఇద్దరూ కాదు. పాత జవాబు తెల్లారే పారేసినా" అన్నాడు.

నిన్న పొద్దున మీ వదిన ఆయన దగ్గరికి పోయిందట. "నాయనా, ఈసారి నేను కొడ్తా. నీళ్ళు పడకపోతే నన్ననండి, ఎండిపోయినా నన్ననండి. మా ఆయన చెయ్యిని ఇంగ ఎవురూ ఏమీ అనగూడదు" అన్నదట. మామ ఈ మాట నాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లలో నా బిడ్డ నన్నేమీ అడగలేదు. దానికి నా దగ్గర రాసిపెట్టుకున్న జవాబు లేదు. అందుకే ఆలోచించాల్సొచ్చిండాది" అన్నాడు.

నేను కొన్న టెంకాయ నేనే ఆమె చేతిలో పెట్టాను. ఒక్క దెబ్బకు సరిగ్గా రెండు చెక్కలైంది. మూడు వందల పది అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. బస్టాండు దాకా "పుష్పావతి చేతి బోరు" అని అప్పుడే పేరు పాకింది. నీమీద ఈర్ష్య పూర్తిగా పోయింది తమ్ముడూ. ఇప్పుడు అంతా మీ వదిన మీదే. కానీ బురద నీళ్ళలో తడిసి ఆమె నవ్వుతుంటే, నేను నా చేయి వెనక దాచుకోకుండా అందరి ముందూ నిలబడగలిగాను.

ఇట్లు,
పుష్పావతి భర్త ఎర్రన్న

తా.క.: ఇది జిరాక్సు కాదు. నీ పేరు మీద తడి వేలు పెట్టి రుద్ది చూసుకో, అలుక్కుపోతుంది.