నఫీసా గారి ఏడు పుస్తకాలు

బటాంగ్ బెర్జుంటై,
12-3-1958

జిల్లా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సోదాలో తీసుకుపోయిన కీ.శే. షరీఫా నఫీసా గారి ఏడు చేతిరాత పుస్తకాలను తిరిగి ఇప్పించుట గురించి.

నా పేరు దాలమ్మ. వయస్సు డెబ్బై దాటింది. ఎన్నేళ్లు దాటిందో తెలియదు. రబ్బరు తోట కూలీల లైను ఇంట్లో మూడో గదిలో, కోడలు వళ్ళియమ్మైతో ఉంటున్నాను. కొడుకు పోయాడు. చదువు లేదు. నేను చెప్పగా తెలుగు బడి సన్యాసి మాస్టారు రాస్తున్నారు. మలాయి నకలు కూడా ఆయనే జతపరుస్తారు. కోపపు మాటలు తీసేస్తానన్నారు. తీయవద్దన్నాను.

1. సదరు నఫీసా గారు కౌలాలంపూర్‌లో స్థిరపడిన అరబ్బు కుటుంబపు ఆడపడుచు. ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లు నేను ఇల్లు తుడిచి, బట్టలు ఉతికాను. అక్కడ ఆడపిల్లలకు చదవడం నేర్పేవారు, రాయడం నేర్పేవారు కారు. రాయడం వస్తే పరాయివాళ్లకు ఉత్తరాలు రాస్తారని భయమట. ఆమె తమ్ముడి పలక చూసి, వంటింటి గచ్చు మీద బొగ్గుముక్కతో దొంగచాటుగా నేర్చుకుంది. మొదట నేర్చింది తన పేరు, కుడి నుంచి ఎడమకు రాసే వాళ్ల అరబ్బు అక్షరాల్లో. ఎవరైనా వచ్చేలోగా తుడిచేయడం నా పని. ఆ పేరును ఎన్ని వందలసార్లు తుడిచానో లెక్క లేదు.

2. పెద్దయ్యాక కథలు రాసింది. అన్నగారి పేరుతో పత్రికలో అచ్చయ్యాయి. ఆడదాని పేరు బజారున పడితే వంశం పరువు పోతుందన్నారు. ఒకనాడు ఆ కథలకు సన్మానం జరిగింది. దండ ఆయన మెడలో పడింది, ఆమె లోపల వచ్చినవాళ్లకు టీ కలుపుతోంది. "దాలమ్మా, ఇక నా బతుకు నేనే రాస్తాను, నా పేరుతోనే" అంది. ఏడు పుస్తకాలు నిండాయి. మధ్యాహ్నాలు నేను బట్టలు మడతపెడుతుంటే చదివి వినిపించేది.

3. 1950లో క్షయతో పోయింది. పుస్తకాలు నా చేతిలో పెట్టి పోయింది, అన్న చేతిలో పెట్టలేదు. వరుస తప్పకుండా వాటికి దారాలు కట్టాను. మొదటిదానికి ఒక ముడి, ఏడోదానికి ఏడు ముడులు. మరుసటేడు, అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో, ఈ లైను ఇల్లు సోదా చేసిన సిపాయిలకు బియ్యం డబ్బా వెనక దొరికాయి. "అక్షరం రాని ముసలిదాని దగ్గర ఇన్ని రాతలేమిటి? అడవిలోవాళ్లవా?" అన్నారు. "అడవిలోవాళ్లకి ఆడకూతురి గోడు ఎందుకురా?" అన్నందుకు పూటంతా ఠాణాలో కూర్చోబెట్టారు. నా కళ్లముందే దారాలన్నీ కత్తిరించారు.

4. అప్పటినుంచి తిరుగుతున్నాను. రక్తసంబంధి సంతకం కావాలన్నారు. అన్నగారి గుమ్మంలో ఎండలో నిలబడ్డాను. "మా చెల్లెలు ఏమీ రాయలేదు" అని తలుపు వేసుకున్నారు.

5. మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది. తెల్లదొర పోయి తమరు వచ్చారు కదా అని మళ్లీ వచ్చాను. తమ గుమాస్తా కాళిముత్తు నన్ను అరవంలో అవ్వా అని పిలుస్తూ, "పాటీ, పాత కాగితాలు కొత్త జెండా ఎక్కకముందే కాల్చేసినారులా, ఇంటికి పో" అన్నాడు.

"ఏటి కాల్చినారు? నువ్వు సూసినావా?"

"సూడ్లేదు. అందరూ అంటన్నారు."

చూడనివాడి మాట నేను నమ్మను. నమ్మకపోయినా ఇక ఆఫీసుల చుట్టూ తిరగలేక ఈ అర్జీ రాయిస్తున్నాను.

కావున సదరు పుస్తకాలు ఇప్పించ ప్రార్థన. నిజంగానే కాలిపోయి ఉంటే, ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మీద ఒక్క వాక్యం రాసి ఇప్పించండి: షరీఫా నఫీసా అనే స్త్రీ ఏడు పుస్తకాలు రాసింది అని. అచ్చులో ఉన్నవన్నీ అన్నగారి పేరు మీదే. ఆమె రాసిందనడానికి లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను. మొదటి పుస్తకమంతా నాకు నోటికి వచ్చేది. ఇప్పుడు మొదటి పుట దాటడం లేదు.

ఇది చిత్తగించి, గుమాస్తా నోట కాక తామే జవాబు దయచేయవలెను.

తమ విధేయురాలు,
దాలమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: వళ్ళియమ్మై, కోడలు (వేలిముద్ర)
మణియం, కాఫీ కొట్టు (సంతకం)

రాసినవారి గమనిక: వేలిముద్ర పక్కన బొగ్గుతో, కుడి నుంచి ఎడమకు గీసి ఉన్నది అర్జీదారు పేరు కాదు. కాగితం చెల్లకపోవచ్చు, వద్దన్నాను. "నాకొచ్చిన రాత అదొక్కటే మాస్టారూ. దాన్నీ తుడిసెయ్‌మంటారేటి?" అంది. ఉంచాను.

సన్యాసి