మార్ల్ వీధి నాలుగో నంబరు ఇంటి వెనక గుమ్మం

హాల్డన్ పింగాణీ జిల్లా రక్షిత కట్టడాల అధికారి వారికి,
మార్ల్ వీధి నాలుగో నంబరు ఇంటి కాపురస్తుడు, మూతపడిన ఫ్యాక్టరీ యూనియన్‌కు మాజీ కార్యదర్శి, కొలిన్ బ్లోర్ (వయసు యాభై నాలుగు) వ్రాసుకొన్న అర్జీ.

14 మార్చి 2016

అయ్యా,

విషయం: పై ఇంటి వెనక గుమ్మంలో పేర్చి ఉన్న ఇటుకలను తొలగించుటకు అనుమతి కోరడం, నాలుగోసారి.

సూచిక: తమ కార్యాలయం నుంచి అందిన మూడు తిరస్కరణ లేఖలు. మూడింటిలోనూ రెండో పేరా ఒక్కటే.

1. మా అక్క డోరీన్ బ్లోర్, అరవై ఆరేళ్ళు, గత ఏప్రిల్ నుంచి ఇల్లు కదలలేదు. పదకొండు నెలలు. బట్టీలో కాల్చని పచ్చి పింగాణీ కప్పుల అతుకు గీతలు గీకి నునుపు చేసే పనిలో ఆవిడ ముప్పై ఒక్క సంవత్సరాలు ఉంది. గీకిన పొడి ఎటు పోయిందో డాక్టర్లు ఫోటో తీసి చూపించారు. ఇప్పుడు ఆక్సిజన్ సిలిండరుతో చక్రాల కుర్చీలో ఉంటుంది. వీధి గదిలో పడక, వంటగదిలో పగలు. ఆ రెంటి మధ్య పద్నాలుగు అడుగులు. ఆవిడ ప్రపంచం అంతే అని మనవి.

2. మా ఇల్లు వాలు మీద ఉంది. వీధి వైపు ఆరు రాతి మెట్లు. వెనక వంటగది మాత్రం సందుతో సమానంగా ఉంటుంది, ఒక్క అంగుళం ఎత్తు లేదు. వెనక గుమ్మం తెరిస్తే కుర్చీ తిన్నగా సందులోకి వెళ్తుంది. సందులోంచి రోడ్డు, రోడ్డు మీద బస్సు. ఆ గుమ్మం నిండా ఇటుకలున్నాయి. ఆ ఇటుకలు తమ రక్షణలో ఉన్నాయి.

3. మొదట ముందు మెట్ల మీద ర్యాంపు వేస్తామని అడిగాము. కూడదన్నారు. కారణం తమ లేఖలోదే: "తరతరాల కార్మికుల పాదాల రాపిడితో ఏర్పడిన గుంటలు కప్పబడిపోవును." అయ్యా, ఆ గుంటల్లో మా అక్క పాదాలున్నాయి. పనిలో చేరిన పదిహేనో ఏటి నుంచి రోజుకు నాలుగుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగింది. ఆవిడ పాదాల గుర్తు పోకూడదు గానీ ఆ పాదాలు బయటికి పోకపోయినా ఫరవాలేదు అని తమ అభిప్రాయమా? ప్రశ్న మర్యాదగా లేకపోతే మన్నించండి. ఇంతకన్నా మర్యాదగా అడగడం నాకు చేతకాలేదు.

ఇక అదే మెట్ల గురించి, అదే భవనంలో తమ కింది అంతస్తులో ఉన్న ఆరోగ్య విభాగం మరో ఉత్తరం రాసింది. మెట్లు అరిగి జారుతున్నందున అంబులెన్సు సిబ్బంది రోగిని వాటి మీదుగా మోయరాదట. అందుకని నర్సే ఇంటికి వస్తోంది. ఒక అంతస్తు మెట్లు కప్పవద్దంటుంది, ఇంకో అంతస్తు మెట్ల మీద మొయ్యవద్దంటుంది. రెండు ఉత్తరాలూ ఒకే రోజు, ఒకే పోస్టులో వచ్చాయి. ఆ రెండు అంతస్తుల మధ్య లిఫ్టు పనిచేయడం లేదా?

4. లిఫ్టు మాట వచ్చింది గనుక. కొండ మీది ఫ్యాక్టరీ యజమాని బంగళా కూడా తమ రక్షిత జాబితాలోనిదే, అదీ మాకన్నా పై తరగతిలో. ఇప్పుడది హోటలు. పెళ్ళి విందులకు వచ్చే అతిథుల సౌకర్యార్థం దాని తూర్పు గోడ పగలగొట్టి అద్దాల లిఫ్టు పెట్టుకోవడానికి రెండేళ్ళ క్రితం తమ కార్యాలయమే అనుమతి ఇచ్చింది. "భవనం సజీవంగా కొనసాగుటకు అవసరము" అని ఆ కాగితంలో ఉంది. నేను వెళ్ళి చదివాను. యజమాని ఇల్లు సజీవంగా ఉండాలి. పనివాళ్ళ ఇల్లు మాత్రం చచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఈ జిల్లాలో వారసత్వం అంటే ఇదేనని ఒక్క ముక్కలో రాసి బోర్డు పెట్టించండి, మళ్ళీ అర్జీ పెట్టను.

5. జనవరిలో తమ తరఫున మిస్ హార్కోర్ట్ తనిఖీకి వచ్చింది. మంచి పిల్లే. బూట్లు విప్పి లోపలికి వచ్చింది, డోరీన్ పక్కన కూర్చుని టీ తాగింది. జరిగిన సంభాషణ రికార్డు కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

"పద్నాలుగు మైళ్ళ దూరంలో మంచి వృద్ధాశ్రమం ఉందండీ. అన్నీ సమతలమే. మీరు అక్కడికి మారే ఆలోచన..."

"ఏమ్మా, ఇంట్లో ఒక్క ఇటుక కదలకూడదని నోటీసు ఇచ్చింది మీరేగా?" అంది డోరీన్.

"అవునండీ."

"మరి నేను కదలొచ్చా?"

మిస్ హార్కోర్ట్ కప్పు కింద పెట్టింది. "అది వేరే విభాగం అండీ," అంది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో నెమ్మదిగా, "మిస్టర్ బ్లోర్, కోపంలో ఏమీ ముట్టుకోకండి. అనుమతి లేకుండా ఒక్క ఇటుక తీసినా క్రిమినల్ కేసవుతుంది" అంది. ఇంతవరకు మేము ఒక్క ఇటుకనూ ముట్టలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. గోడకు ఆనించి ఉన్న గ్యాస్ పొయ్యిని మాత్రం పక్కకు జరిపాము. అది రక్షిత పొయ్యి కాదు అనుకుంటాను.

6. ఆదివారాల్లో చరిత్ర నడక బృందాలు వెనక సందులోకి వస్తాయి. అక్కడ తమ బోర్డు ఉంది: 1911 లాకౌట్ కాలంలో కార్మికులు సందులో దించిన బొగ్గు ముట్టకుండా యజమాని మనుషులు ఈ గుమ్మాన్ని ఇటుకలతో మూయించారు, జిల్లాలో మిగిలిన ఏకైక సాక్ష్యం ఇదే, అని. గైడు ప్రతివారం గొంతు బొంగురు చేసుకుని, "ఈ గోడ వెనక ఒక కుటుంబం బందీ అయింది" అని చెబుతాడు. పోయిన నెల డోరీన్ లోపలినుంచి గరిటెతో గోడ మీద కొట్టి, "బాబూ, ఆ కుటుంబానికి పాలు అయిపోయాయి, వచ్చేవారం వస్తూ ఒక సీసా పట్టుకురా!" అని అరిచింది. అవతల నవ్వులు వినిపించాయి. తరువాత కెమెరాల చప్పుడు. పాలు ఎవరూ తేలేదు.

7. ఇప్పుడు అసలు సంగతి. మూడు అర్జీల్లోనూ దీన్ని దాచాను. ఆ బోర్డు మీదున్నది అబద్ధం. ఆ అబద్ధం నాది.

లాకౌట్ నిజం. ఆకలి నిజం. మా ముత్తాత పద్దెనిమిది వారాలు పని లేకుండా ఉన్నది నిజం. గుమ్మం మాత్రం 1963 చలికాలం తరువాత మా నాన్న ఆల్ఫ్ బ్లోర్ మూసింది. ఎందుకు? మా అమ్మకు కొత్త గ్యాస్ పొయ్యి వచ్చింది. వంటగదిలో పెట్టడానికి ఇంకో గోడ లేదు. అంతే.

ఇటుకలు పాతవి కాబట్టి, జాబితాలో చేర్చడానికి చూడవచ్చిన తమ ఇన్‌స్పెక్టరు మోసపోయారు. ఆయన తప్పు కాదు. ఫ్యాక్టరీలో సీసా ఆకారపు పాత బట్టీని అప్పుడే పడగొడుతున్నారు. మా నాన్న ఆ ఇటుకలు పిల్లల బండిలో వేసి తెచ్చాడు. బండి తోసింది పదమూడేళ్ళ డోరీన్. ఇటుకల మీద దుప్పటి, దుప్పటి మీద ఏడాదిన్నర వయసున్న నేను. గేటు దగ్గర కాపలావాడు నా బుగ్గ గిల్లి, "భలే బరువున్నాడే మీ తమ్ముడు" అన్నాడట. మొత్తం ఇరవై మూడు సార్లు తిరిగాము. ఏళ్ళ తరబడి మంటల్లో కాగి నల్లబడి గాజులా మెరిసే ఆ ఇటుకల్ని చూసి తమ ఇన్‌స్పెక్టరు, "మొదటి యుద్ధానికి ముందువే, సందేహం లేదు" అన్నారు. ఇటుకల విషయంలో ఆయన చెప్పింది నిజమే.

మా వీధిలో ముందు తలుపు వాడేది రెండింటికే: పెళ్ళికూతురికి, శవపేటికకు. మిగతా రాకపోకలన్నీ వెనకనుంచే. మా నాన్న వెనక గుమ్మం మూసేసరికి మేము రోజూ ముందు తలుపులోంచి తిరగవలసి వచ్చింది. "బ్లోర్ల ఇంట్లో రోజూ ఎవరో ఒకరు పోతున్నారు" అని వీధంతా ఎగతాళి చేసేవాళ్ళు. మా అమ్మ ఆ పొయ్యి మీద మొదటిసారి కేకు చేసి పది ఇళ్ళకూ పంచాకగానీ ఆ నోళ్ళు మూతపడలేదు.

8. అబద్ధం ఎందుకు చెప్పానంటారా? పదకొండేళ్ళ క్రితం ఒక నిర్మాణ కంపెనీ మా వరుస ఇళ్ళు పదీ పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి దరఖాస్తు పెట్టింది. రక్షణ కోరుతూ జాబితాకు అర్జీ పెట్టింది నేనే. తమ ఇన్‌స్పెక్టరు వచ్చి పది ఇళ్ళూ చూసి, "మామూలు ఇళ్ళే, ఇలాంటివి జిల్లాలో చాలా ఉన్నాయి" అని పెన్ను మూశారు. వంటగదిలో టీ తాగుతూ ఆ గోడ వైపు చూశారు. "ఇదేమిటి?" అన్నారు. మూడో కప్పు టీ పోస్తూ నేను లాకౌట్ కథ అల్లాను. ఆయన పెన్ను మళ్ళీ తెరిచారు. డోరీన్ మూలన కూర్చుని అంతా వింటూనే ఉంది. ఆయన వెళ్ళాక, "ఒరేయ్ కొలిన్, నాన్న ఉంటే ఇటుకలు దాటించడానికి నీకు జీతం ఇచ్చి పెట్టుకునేవాడు" అంది.

ఆ కథ పది ఇళ్ళను నిలబెట్టింది. ఇప్పుడదే మా అక్కను లోపల పెట్టి మూసింది. ఈ గోడ మా నాన్న కట్టాడు, నేను కాపలా పెట్టాను, తమరు తాళం వేశారు. వరసలో తమరిది చివరి పేరు. అయితే తాళంచెవి తమ దగ్గరే ఉంది.

9. ఈ అర్జీ పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. కంపెనీ దరఖాస్తు ఇంకా తమ బీరువాలోనే ఉంది. జాబితాలో మా వరుసకు రాసిన కారణాల్లో మొదటిది ఆ గుమ్మమే. అది కొట్టేస్తే మిగిలినవి ఎన్నాళ్ళు నిలుస్తాయి? అందుకే పంపే ముందు తొమ్మిది ఇళ్ళవాళ్ళనూ ఏడో నంబరు గ్లెనిస్ టన్నిక్లిఫ్ వంటగదిలో కూర్చోబెట్టి చదివి వినిపించాను.

"పదకొండేళ్ళూ ఆ బోర్డు తుడుస్తున్నాను," అంది గ్లెనిస్. "ఒక గ్యాస్ పొయ్యికా?"

"అవును."

"సిగ్గులేదూ నీకు?"

"ఉంది. అందుకే చదివాను."

"నువ్వు నిజం చెబితే మా ఇళ్ళు పోతాయి. చెప్పకపోతే డోరీన్ పోతుంది. సంతకం ఏ చేత్తో పెట్టమంటావు, చెప్పు?"

కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాను, అంతే. ముప్పై ఏళ్ళు మీటింగుల్లో ప్రతిదానికీ జవాబు చెప్పినవాణ్ణి. గ్లెనిస్ ఇంకాసేపు తిట్టి, కళ్ళజోడు వెతుక్కుని, సంతకం పెట్టింది. ఆమె తరువాత ఇంకో నలుగురు. మిగిలిన నలుగురు పెట్టలేదు. వాళ్ళలో ఒకాయన బయటికి వెళ్తూ నా భుజం తట్టాడు గానీ సంతకం పెట్టలేదు. వాళ్ళను నేను తప్పు పట్టను. తమరూ పట్టకూడదు. పడకలో ఉన్న మనిషికీ పక్కింటివాళ్ళ కప్పుకూ పోటీ పెట్టింది వాళ్ళు కాదు.

10. కాబట్టి నా కోరికలు మూడు. ఒకటి, లాకౌట్ గుమ్మం అన్న వాక్యాన్ని నా పేరు మీద, నా అబద్ధంగా కొట్టివేయండి. శిక్ష ఉంటే నాకు వేయండి. రెండు, ఆ ఇటుకలు తీయడానికి అనుమతి ఇవ్వండి. మూడు, ఇళ్ళ రక్షణ మాత్రం తీయకండి.

మూడోది ఏ మొహంతో అడుగుతున్నావంటారా? చెబుతాను. యజమాని కక్షతో మూసిన గుమ్మం చరిత్ర అవుతుంది. పింగాణీ పెట్టెలు మోసి మోసి నడుము వంగిన ఒక మనిషి, పెళ్ళానికి పొయ్యి పెట్టుకునే చోటు లేక, కూలిన బట్టీ ఇటుకలు కూతురి చేత దొంగతనంగా తెప్పించి, ఉన్న ఒక్క దారినీ తన చేతులతో మూసుకుంటే అది చరిత్ర కాదా? మమ్మల్ని ఎవడో కొట్టినప్పుడు మాత్రమే మేము తమ జాబితాలోకి వస్తామా? వండుకున్నది, తిన్నది, పంచిపెట్టింది దేనికీ రాదా? నాకా రోజు ఈ మాట అడిగే ధైర్యం లేకపోయింది. తమ పద్ధతిలో చెల్లే కథ అల్లాను. అబద్ధం కన్నా నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్నది అదే. మా అమ్మ పొయ్యిని చూపించి ఇదీ మా ఇల్లు అని అనలేకపోయాను.

వాన వెలిసిన రోజున డోరీన్ వంటగదిలో ఆ గోడకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. ఏం చూస్తున్నావంటే, "ఏముందిరా చూడ్డానికి" అంటుంది. అయినా మొహం ఇటు తిప్పదు. ఇది ఏ కాలమ్‌లో రాయాలో తెలియక ఇక్కడ రాశాను.

తమరు చిత్తగించకపోయినా సరే, చివరిదాకా చదవవలెనని ప్రార్థన.

ఇంతకాలం అనవసరంగా విధేయుడిగా ఉన్న,
కొలిన్ బ్లోర్

జతపరచినవి: ఐదు సంతకాలు, ఊపిరితిత్తుల ఫోటో నకలు ఒకటి.

తా.క. ఇది రాస్తున్నది కొలిన్ కాదు, డోరీన్‌ని. వాడు కవరు కొనడానికి వెళ్ళాడు. అంతా చదివాను. రాత బాగుంది, పొడుగెక్కువ. ఇరవై మూడు సార్లు కాదు, ఇరవై ఆరు. తోసింది నేను, నాకు తెలుసు.

ఇంకొకటి కూడా సరిదిద్దాలి. ఒక్క ఇటుకనూ ముట్టలేదని వాడు రాశాడు. వాడికి తెలియదు. పోయిన వారం వాడు బయటికి పోయినప్పుడల్లా కూర్చుని నేను ఒకటి తీశాను. కుర్చీలో ఉంటే సరిగ్గా నా కళ్ళకు ఎదురుగా ఉండేది. వెన్న రాసుకునే కత్తితో నాలుగు రోజులు పట్టింది, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ. నాన్న కలిపిన సున్నం మెత్తగానే ఉంది, పాపం ఆయనకు తాపీపని రాదు. వాడు వచ్చే వేళకు ఆ కన్నంలో గుడ్డ కుక్కి, మీద కాలెండరు తగిలిస్తున్నాను. ఇప్పుడది తీసే కూర్చున్నాను. సందులో గ్లెనిస్ దుప్పట్లు ఆరేస్తోంది. గాలి వస్తోంది. దుప్పట్ల సబ్బు వాసన కూడా వస్తోంది.

అది నేరమని ఆ అమ్మాయి చెప్పింది కదా, కేసు నా పేరు మీద రాయండి, వాడి మీద కాదు. పట్టుకుపోవడానికి ఎప్పుడు వచ్చినా నేను ఇంట్లోనే ఉంటాను. ముందు మెట్ల మీద నన్ను మొయ్యకూడదట. వెనక ఇటుకలు తియ్యకూడదట. ఎటువైపునుంచి తీసుకెళ్తారో అది మాత్రం మీ ఆఫీసులోనే తేల్చుకుని రండి.