రవ్వ పిల్లల సాక్ష్యం

జూలై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక అరగంట చర్చి ముందే నిలబడిపోయాం. ఇంటికి కదిలే మనిషి లేడు. విషయం బీరు కంపెనీ. వాళ్ల ప్రహరీ లోపల, సరిగ్గా మా వీధి వైపున, మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కడతారట. ఇన్నాళ్లూ ఆ నీళ్లు ట్యాంకర్లలో ఎక్కడికో పోయేవి. ఇకమీదట ఇక్కడే, గోడ పక్కనే. ఆ గోడకూ నా బావికీ మధ్య ఉన్నది ఒక్క సందు, రెండు సీతాఫలం చెట్లు.

పక్కింటి యాదమ్మ కోపం చూడాలి. ఆమె పది బర్రెలూ మేసేది ఆ కంపెనీ నుంచి తెచ్చే బీరు పొట్టే, అదే బీరు తీశాక మిగిలే బార్లీ పిప్పి. అయినా సరే — "కంపెనీ మంచిదే టీచరమ్మా, దాని కడుపుల నీళ్లే మంచియి గావు."

నవ్వు ఆపుకోలేక కీర్తనల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

జూలై 7, సోమవారం

నిన్న నవ్వాను గానీ... పన్నెండేళ్లు ఆ బావి మీద రేకు మూత. నీళ్లు టీ డికాషన్ రంగు. రిటైరయ్యాక నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే పూడిక తీయించి, నీళ్లు పరీక్షకు పంపించి, ఆ మూత తీయించడమే. ఇప్పుడు ఏడిళ్ల వాళ్లు తాగుతున్నారు. మళ్లీ మూత వెయ్యాల్సి వస్తే నేను తట్టుకోలేను. ఈ మాట చర్చి దగ్గర అనలేదు. ఇక్కడే అంటున్నాను.

జూలై 9, బుధవారం

పంచాయతీ కార్యదర్శి కబురు పంపాడు. ఆగస్టు రెండున గ్రామసభ. గోడ పక్కనున్న ఏడిళ్ల వాళ్లూ రిజిస్టరులో రాయాలి — అంగీకారమా, అభ్యంతరమా. బావి నాది కాబట్టి మొదటి పేరు నాదే.

మా ఆయన పేపరు వెనక నుంచి — "నీకు మైకు గూడ ఇస్తరా?"

ఇస్తే ఏంటట అన్నాను.

"ఏం లేదు. అందరిని అన్నం తిని రమ్మని చెప్పాలె గదా."

ముప్పైనాలుగేళ్ల కాపురం. ఈ నోటికి ఇంకా తాళం దొరకలేదు.

జూలై 11, శుక్రవారం

కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పేరు సాహూ, ఊరు ఒడిశా వైపు. సగం హిందీ, సగం వచ్చీరాని తెలుగు. అరుగు మీద పటం పరిచి ఓపిగ్గానే చెప్పాడు. బార్లీ కడిగిన నీళ్లట, సీసాలు కడిగిన నీళ్లట, విషం కాదట. అందులోని మురికిని సూక్ష్మజీవులు తినేస్తాయట. ట్యాంకులకు మూతలుంటాయి, వాసన రాదు. ట్యాంకు పగిలితే? "లీక్ నహీ హోగా మేడం." అసలు కారదట. కరెంటు పోతే? "నహీ జాయేగా మేడం." పోనే పోదట. బాగా చదివిన పిల్లలకు కూడా కొన్ని జవాబులు తెలియవు. ఇతనికి అన్నీ తెలుసు. అక్కడే నాకు అనుమానం.

చివరికి యాదమ్మ అడిగింది — ఆ శుద్ధి చేసిన నీళ్లల్లో చేపలు బతుకుతాయా అని. బతుకుతాయన్నాడు. అయితే తెచ్చి చూపెట్టు అంది. వాళ్ల ఇంకో కంపెనీలో ఇలాంటి ప్లాంటు నడుస్తోందట. ఇంకేం. అప్పటికప్పుడు కాగితం తీసి షరతు రాశాను. ఆ నీళ్లు ఇక్కడికి తేవాలి, తొట్టిలో పోయాలి, కొర్రమీనులు వదలాలి. అవి ఎనిమిది రోజులు బతికితేనే అంగీకారం మాట. సాహూ చదివి, వెంటనే సంతకం పెట్టాడు. పాపం మంచివాడు అనుకున్నాను.

జూలై 12, శనివారం

కొర్రమీనే ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. చేప అంటే మాకు కొర్రమీనే. తొమ్మిదో రోజు పులుసు ఎవరింట్లో అన్నదాని మీదే చర్చంతా. చింతపండు ఎంత నానెయ్యాలో కూడా ఆయన తేల్చేశారు.

జూలై 14, సోమవారం

సిగ్గు... సిగ్గు.

పటాన్‌చెరు మార్కెట్లో చేపలమ్మే మల్లేశానికి ఫోన్ చేశాను. నా దగ్గర చదువుకున్నవాడే. పది కొర్రమీనులు కావాలన్నాను, ఎందుకో చెప్పాను. అవతల నవ్వడం మొదలుపెట్టాడు. ఆపడే.

"టీచర్, కొర్రమీను బురదల గూడ బతుకుతది. పైకొచ్చి గాలి పీల్చుకుంటది. దాన్ని సాక్ష్యం పెడితే కంపెనీ గెలవక ఏం జేస్తది?"

అంతటితో ఊరుకున్నాడా? ఎనిమిదో తరగతిలో నేనే చెప్పానట, బోర్డు మీద బొమ్మ గీసి మరీ. ఇరవై ఎనిమిదేళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషిని. నాలుక మీద పులుసు రుచి ఉంటే బుర్రలో పాఠం ఉండదు కాబోలు. సాహూ అంత తొందరగా సంతకం ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది. దొంగ.

మరి ఏ చేప పెట్టాలిరా అంటే రవ్వ పిల్లల్ని, అదే రోహు పిల్లల్ని, పెట్టమన్నాడు. జెర నాజూకు జాతి అట, నీళ్లు బాగలేకుంటే తెల్లారేసరికి తేలుతుందట.

జూలై 15, మంగళవారం

షరతు మార్చాను. సాహూ మొహం వాడింది. "కొర్రమీను హీ అచ్ఛా హై మేడం," అన్నాడు. కొర్రమీనే మంచిదట. అందుకే వద్దు నాయనా అన్నాను. ఒక్క క్షణం చూసి, అతనూ నవ్వేశాడు. ఎవరికో ఫోన్ చేసి, సరే అన్నాడు.

ఇంకోటి కూడా చేర్చాను. ఒక తొట్టి కాదు, రెండు. ఒకదాంట్లో వాళ్ల నీళ్లు, ఒకదాంట్లో నా బావి నీళ్లు. ప్రయోగమంటే పోల్చి చూడటానికి ఒకటి ఉండాలి. ఇదే మాట బడిలో చెబితే పిల్లలు ఆవులించేవాళ్లు. వీధి చప్పట్లు కొట్టింది.

జూలై 19, శనివారం

ఎంత మంచి రోజు!

బర్రెలు నీళ్లు తాగే గోలేలు రెండు, యాదమ్మ తోమి తోమి ఇచ్చింది. చర్చి షెడ్డు నీడలో పెట్టాం. వాళ్ల ఇంకో కంపెనీ నుంచి ట్యాంకరు వచ్చింది. ఆ నీళ్లు చూస్తే తేటగానే ఉన్నాయి, కాస్త పచ్చి గడ్డి వాసన. రెండో గోలెం నింపడానికి బావి దగ్గర ఆడవాళ్లు వరస కట్టి బిందెలు అందించుకున్నారు, ఒకటే నవ్వులు. మల్లేశం గాలి నింపిన కవర్లలో పిల్లల్ని తెచ్చాడు. వేలెడంత ఉన్నాయి. దింపగానే వదలలేదు, నీళ్ల చల్లదనానికి అలవాటు పడాలని కవర్లను కాసేపు అలాగే తేలనిచ్చాడు. ఒక్కో గోలెంలో పది. బొగ్గుతో ఒకదాని మీద "కంపెనీ", ఇంకోదాని మీద "మనది" అని రాశాను.

మా ఆయన కుర్చీ తెచ్చుకుని రెండిటి మధ్య కూర్చున్నారు. కాపలా అట. అన్నానికి పిలిస్తే ఇక్కడికే తెమ్మన్నారు.

జూలై 20, ఆదివారం

ఇరవైకి ఇరవై. ప్రసంగం మధ్యలో ముగ్గురు లేచి చూసి వచ్చారు. పాస్టరు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆరాధన కాగానే అందరికంటే ముందు షెడ్డు దగ్గరికి చేరింది ఆయనే.

జూలై 21, సోమవారం

ఇరవై.

జూలై 22, మంగళవారం

ఇరవై. సాహూ పొద్దునా సాయంత్రం వస్తున్నాడు. యాదమ్మ అతన్ని తిడుతూనే మజ్జిగ ఇస్తుంది. అతను తిట్లు అర్థం కానట్టు తాగుతాడు. గ్లాసు మాత్రం రెండోసారి చాపుతాడు.

జూలై 23, బుధవారం

మూడు తేలాయి. మనదాంట్లో.

కంపెనీ గోలెంలో పదికి పదీ తిరుగుతున్నాయి. అయినా సాహూ సంతోషపడలేదు, బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఏడిళ్ల వాళ్లు తాగే నీళ్లు... పసిపిల్లలకు కాచి పట్టే నీళ్లు... బావిలోంచి ఒక చేద తోడి వాసన చూశాను, రంగు చూశాను. ఏమీ లేదు. అన్నం సయించలేదు. తాగొద్దని అందరికీ చెప్పి వచ్చాను.

జూలై 24, గురువారం

ఇంకో నాలుగు పోయాయి. మల్లేశాన్ని రమ్మన్నాను. వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, మన గోలెం అడుగు దాకా తడిమాడు. పిడికిలి బయటికి తీసి తెరిచాడు. అన్నం మెతుకులు. తౌడు. బీరు పొట్టు.

ఎవరేశారని అడిగాడు. యాదమ్మ నేల చూపులు చూసింది.

"మనయి జెర బక్కగ కనవడ్డయి," అంది. "కంపెనీవోని చేపల ముంగట ఇజ్జత్ పోతదని..."

పూటకు పిడికెడు చొప్పున వేసిందట. సరే, ఈమె ఒక్కతేనా అని ఆరా తీస్తే వీధిలో సగం మంది బయటపడ్డారు. ఎవరికి వాళ్లు చాటుగా. ఒకరు ఇడ్లీ, ఒకరు గుడ్డు సొన. కాపలా ఉన్న మా ఆయన రొట్టె ముక్కలు. అడిగితే — "అవి నా దిక్కే చూస్తుండె."

తిన్నది తినగా మిగిలింది అడుగున కుళ్లింది. నీళ్లలో ప్రాణవాయువు అయిపోయింది. అంతే. బావి తప్పు కాదు.

మల్లేశాన్ని రెండుసార్లు అడిగాను, బావి మంచిదేనా అని.

"బావికేం గాలే టీచర్. తల్లులు ఎక్కువైండ్రు."

కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక్క నిమిషం. తర్వాత చర్చి మెట్ల మీద కూలబడి కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాను. బావి బాగుంది. నా బావి బాగుంది. యాదమ్మ నన్ను చూసి భయపడి, ఆ తర్వాత తనూ నవ్వి, కొంగుతో ఇద్దరి మొహాలూ తుడిచింది. మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

జూలై 27, ఆదివారం

ఎనిమిది రోజులు. కంపెనీవి పది, మనవి మూడు. కంపెనీ గోలెంలో ఎవరూ మెతుకు వెయ్యలేదు మరి, పరాయి చేపలు కదా. సాహూ జిలేబీలు తెచ్చాడు. తినకూడదనుకున్నాను. నాలుగు తిన్నాను.

జూలై 29, మంగళవారం

సాయంత్రం ఏడిళ్ల వాళ్లం మా అరుగు మీద కూర్చున్నాం. మళ్లీ ప్రయోగం పెట్టడానికి రోజులు చాలవు. ఒకరన్నారు — మన గోలెంలో కంపెనీవాళ్లే ఏదో మందు కలిపారని సభలో చెబుదాం అని. నలుగురు తలలూపారు. యాదమ్మ ఊపలేదు, ఊపకుండానూ ఉండలేదు. తన చెయ్యి బయటపడకుండా ఉంటుంది కదా.

నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, నిజంగానే పుట్టింది. ఆ ఒక్క మాటతో ప్లాంటు ఆగిపోతుందేమో, బావి నిలుస్తుందేమో. కానీ మజ్జిగ గ్లాసు చాపే ఆ పిల్లవాడి మీద అంత మాట ఎలా అనను? పైగా ప్లాంటు లేకపోతే ఏముంది? సందు చివర రోజూ ఒలుకుతూ పోయే ఆ ట్యాంకర్లే కదా. ఇన్నాళ్లూ వాటిని చూసి ముక్కు మూసుకున్నామే తప్ప అడగలేదు.

వద్దన్నాను. ఉన్నది ఉన్నట్టే చెబుతాను, ఎవరి పేరూ ఎత్తను అన్నాను. కొందరు మొహం ముడుచుకుని లేచిపోయారు.

ఆగస్టు 2, శనివారం

మైకు ఇచ్చారు. మా ఆయన మొదటి వరసలోనే, చేతికి గడియారం పెట్టుకుని మరీ.

చెప్పాను. వాళ్ల నీళ్లలో పదీ బతికాయి. మా నీళ్లలో ఏడు చచ్చాయి, మా చేతుల్తోనే చంపుకున్నాం, తిండి పెట్టి పెట్టి. సభంతా గొల్లుమంది. సాహూ తలెత్తి నా వైపు చూశాడు. వెనక నుంచి యాదమ్మ, ఎవరూ అడగకుండానే లేచి — "ఏసింది నేనే. ఎవ్వల మీద బెట్టకుండ్రి," అని కూర్చుంది. ఆమెను చూసి నాకు గర్వం పొంగింది.

నవ్వులు ఆగాక నేను చెప్పవలసింది చెప్పాను.

"చేపలు ఎనిమిది రోజులు బతికినయి. మేము ఇంక శాన ఏండ్లు బతకాలె. నెలనెల మీ నీళ్లు, నా బావి నీళ్లు రెండూ పరీక్ష చేయించుండ్రి. ఆ కాయితం చర్చి గోడకు అంటియ్యుండ్రి. బావిల తేడా వచ్చిన రోజు ప్లాంటు ఆపుండ్రి."

మొదటి రెండూ సరేనన్నాడు కంపెనీ మేనేజరు. మూడోదానికి హెడ్డాఫీసును అడగాలట.

రిజిస్టరు నా ముందుకు వచ్చింది. రెండు గడులు, మధ్యలో ఒక గీత. పెన్ను తీశాను. అంగీకారం అంటే అబద్ధం. అభ్యంతరం అన్నా అబద్ధమే. రెండు గడులకూ అడ్డంగా, గీత మీదుగా రాసేశాను — ఒప్పుకుంటున్నాం. నమ్మడం లేదు.

కార్యదర్శి కంగారుపడ్డాడు. "అమ్మా, ఒకటే రాయాలె."

"రెండూ నిజమే గద బాబూ."

నా వెనకున్న ఆరిళ్ల వాళ్లూ వచ్చి, దాని కింద అలాగే రాశారు. మొన్న మొహం ముడుచుకున్నవాళ్లు కూడా. యాదమ్మకు రాయరాదు. బొటనవేలు సిరాలో అద్ది, గీత ఎక్కడుందో నన్నడిగి, సరిగ్గా దాని మీద వేసింది. సగం ఇటు, సగం అటు.

ఆగస్టు 3, ఆదివారం

మిగిలిన పదమూడింటినీ మల్లేశం చేపలు పెంచే చెరువులో వదిలి వచ్చాం. పులుసు ఎవరికీ గుర్తు రాలేదు, ఆయనకు తప్ప.

ఆగస్టు 6, బుధవారం

మా పేజీని దేని కింద లెక్కపెట్టాలో తెలియక కార్యదర్శి పైకి పంపాడట. పైవాళ్లకూ తెలియలేదట. మూడో షరతుకు హెడ్డాఫీసు జవాబు రాలేదు. సాహూను అడిగితే, మొదటిసారి, "నాకు తెల్వదు మేడం," అన్నాడు. ఆ ఒక్క మాటకు అతని మీద కాస్త నమ్మకం కలిగింది.

పొద్దున్నుంచి గోడ అవతల కొలతలు తీస్తున్నారు. యాదమ్మ ఇటువైపు నుంచి నిచ్చెన ఎక్కి, ఎంత లోతు తవ్వుతారని అడుగుతోంది. వాళ్లు చెప్పడం లేదు. ఆమె దిగడం లేదు.