పాప బరువు ఎంతంటే

చిరంజీవి వెన్నెలకు,

ముంచింగిపుట్టు నుంచి మీ అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. మీ అక్క రాజకుమారీ నేనూ బాగానే ఉన్నాం. దాని పాప సంగతి చెబుతాను, తొందరపడకు.

ముందు నీ ఉత్తరంలోని ఫిజిక్స్ సంగతి. ఎలక్ట్రాన్ ఎక్కడుందో ఎంత కచ్చితంగా తేలితే, దాని ద్రవ్యవేగం అంత తేలకుండా పోతుందన్నావు. ఇంకా మంచి పరికరం కొనమని నేను రాస్తే నవ్వావు. లోపం పరికరంలో లేదు, ఆ రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండనే ఉండవన్నావు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నాకది మింగుడుపడలేదు. అక్షరాలు కాస్త గుండ్రంగా రాయి.

పాప ఎన్ని గ్రాములు పెరిగిందని అడిగావు. నెలలు నిండని పిల్లను తల్లి ఒంటికి ఆనించి కట్టుకునే ఉండాలని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆశా కార్యకర్త నూకరత్నం వారానికోసారి కాటా తెచ్చి తూచి వెళ్తుంది. వారం దాకా తెలియకుండా ఎలా ఉండను? కాటా అడిగి ఇంట్లో ఉంచుకున్నాను. పాలు తాగినప్పుడల్లా పాపను విప్పి, గుడ్డ బరువు కలవకూడదని బట్టలు కూడా తీసి తూచాను. అంకె తగ్గితే భయం, పెరిగితే అనుమానం. మళ్లీ తూచాను. బయట మంచు.

మొన్న పాప అరికాళ్లు నీలంగా మారాయి. ఏడవలేదు, పాలు తాగలేదు. కబురంపితే నూకరత్నం పరుగున వచ్చి, పిల్లను మీ అక్క గుండెకు కట్టి, నా మీద విరుచుకుపడింది.

"ఏటి సేత్తన్నారు టీచరమ్మా? మాటిమాటికీ మూత తీత్తే అన్నం ఉడుకుద్దేటి? సంటిగుంట తాగిందంతా సలికే కరిగిపోతంది!"

"బరువు తెలియాలి కదే!"

"తెలిసేదాకా గుంట ఉండాల గదా!"

ఇంతవరకూ నన్నెవరూ అలా అనలేదు. తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఒళ్లు వెచ్చబడి పాలు తాగితే కదిలించవద్దన్నారట. కాసేపటికి తాగింది. కాటా ఆమెతోనే పంపేశాను. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: తెలియదు.

ఇది నీ సూత్రం కాదని తెలుసు. నీ దానిలో ఎవరి చెయ్యీ తప్పు చేయదు. ఇక్కడ చేసింది నా చెయ్యి. అయినా చూడాలంటే తీయాలి, తీస్తే చల్లబడుతుంది.

వెన్నెలా, మీ అమ్మకు కూడా చెప్పని మాట. నాకు భయంగా ఉంది. అంకె లేకపోతే నాకు కళ్లు లేనట్టే ఉంది. ఇవాళ మీ అక్క స్నానానికి వెళ్తూ పాపను నా గుండెకు కట్టింది. లోపల ఏదో గబగబా కొట్టుకుంటోంది. అది పాప గుండో, నాదో తెలియలేదు. విప్పి చూడాలనిపించింది.

విప్పలేదు.

ఇట్లు,
నీ అమ్మమ్మ